అమ్మ చీరలతో బొంత కుట్టమన్నారు, ధర చెప్పడానికి నోరు రావడం లేదు

కొర్లగుంట బొంతలు, తిరుపతి

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ మీరు రాసేవన్నీ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

నేను ఇంట్లోనే చేత్తో బొంతలు కుట్టి అమ్ముతాను. పని మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. చూపు మందగించాక ఆమెకు సూది కన్ను కనబడేది కాదు. బడికి వెళ్లేముందు ఇరవై సూదులకు దారం ఎక్కించి, దిండుకు వరసగా గుచ్చి వెళ్లేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి ఇరవయ్యీ ఖాళీ. నాలుగేళ్ల క్రితం మా చెల్లెలి బిడ్డకు కుట్టిన బొంత చూసి పక్కింటివాళ్లు అడిగారు. అలా అమ్మకం మొదలైంది.

చంటిపిల్లల బొంతలతో నాకు ఏ చిక్కూ లేదు. 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవు, మూడు పొరలు, 450 రూపాయలు. ఎవరడిగినా తడుముకోకుండా చెబుతాను. చిక్కంతా "చీరలు మేమే ఇస్తాం, మాకు నచ్చినట్టు కుట్టిపెట్టండి" అనేవాళ్లతోనే.

ఇప్పుడు వచ్చిన పని అలాంటిదే. ఒకావిడ బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నారు, పుట్టిల్లు తిరుచానూరు. తల్లిగారు పోయి ఏడాది కావస్తోంది. ఆమె బీరువాలోని 7 చీరలు తెచ్చి నా మంచం మీద పెట్టారు. ఐదు నూలువి, వాటిలో రెండు వెంకటగిరివి. ఒకటి పాలిస్టరు, ఒకటి పట్టు. డబుల్ కాట్‌కు సరిపడే బొంత కావాలి, సంక్రాంతికి అందాలి అన్నారు. ఫోనులో ఒక ఫోటో కూడా చూపించారు. ఎవరో అమెరికాలో కుట్టినది, నిండా ఎనిమిది మొనల నక్షత్రాలు.

చీరలు ఒక్కొక్కటీ విప్పి చూశాను. లేత ఆకుపచ్చ వెంకటగిరి చీరకు భుజం దగ్గర పిన్నీసు పెట్టీ పెట్టీ బట్ట జల్లెడలా అయిపోయింది, చుట్టూ తుప్పు మరక. కొంగు చివర చినిగినచోట ఆ తల్లే కుట్టుకున్నట్టుంది. సరిపోయే దారం దొరకలేదేమో, లేత ఆకుపచ్చ మీద ముదురు ఆకుపచ్చతో చిన్న చిన్న కుట్లు, వేలెడంత మేర. ఆవిడ ఆ చోటును బొటనవేలితో నిమురుతూ "ఎంతవుతుందండీ?" అని అడిగారు. నాకు నోరు రాలేదు. చూసి చెబుతానన్నాను. వారం గడిచిపోయింది.

ఇప్పటిదాకా పెద్ద బొంతను, గుడ్డ కూడా నాదే పెట్టుకుని, 1,800కు ఇస్తున్నాను. అందులో 650 సామాన్లకే పోతుంది. 1,800 ఎందుకంటే చెప్పడానికి కారణమేమీ లేదు. గాంధీ రోడ్డులో ఒక దుకాణంలో మిషను మీద కుట్టిన జైపూరు రజాయి ఆ ధరకు చూశాను. దానికంటే ఎక్కువ చెబితే ఎవరు కొంటారులే అనుకున్నాను.

ఇంకో భయం కూడా ఉంది. పోయినేడాది ఒకరు తెచ్చిన చీరల్లో ఎర్ర చీర రంగు వదిలి తెల్ల చీర అంతా గులాబీ రంగయింది. వాళ్ల నాయనమ్మ చీర అది. డబ్బు మొత్తం తిరిగి ఇచ్చేశాను, కానీ డబ్బుతో తీరే నష్టమా? ఆ రాత్రి నిద్రపోలేదు.

అందుకే అడుగుతున్నాను. ఇలాంటి పనికి ధర ఏ లెక్కన కట్టాలి? అడ్వాన్సు ఎంత అడగాలి, ఎప్పుడు అడగాలి? ఆ నక్షత్రాలు పాత చీరలతో అయ్యే పనేనా? చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి.


చిత్తూరు దర్జీ

అమ్మా, నేను చిత్తూరులో ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. బొంతలు నా పని కాదు గానీ గుడ్డ లెక్క నాకు తెలుసు.

ముందు ఒక పని చేయండి. రేపు కూర్చున్నప్పుడు గడియారం ఎదురుగా పెట్టుకుని, ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్క వరస కుట్టండి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ధర దుకాణంలో వేలాడే రజాయిలో దొరకదమ్మా, ఆ నిమిషాల్లో దొరుకుతుంది.

గుడ్డ లెక్క ఇది. చీర ఐదున్నర మీటర్లు, అంటే 216 అంగుళాలు. మధ్యకు కోస్తే 108 అంగుళాల ముక్కలు రెండు. పన్నా 45 అంగుళాలు ఉంటుంది కాబట్టి రెండూ పక్కపక్కన కలిపితే 90 వెడల్పు, 108 పొడవు. డబుల్ కాట్‌కు ఒక్కో పొరకు ఒక్కో చీర సరిగ్గా సరిపోతుంది. మీరు అంగుళానికో వరస వేస్తారనుకుంటే 90 వరసలు, ఒక్కోటి 108 అంగుళాలు. మీటర్లలోకి మార్చి చూడండి, 247 మీటర్ల కుట్టు. ఆ మాట గిరాకీకి చెప్పండి. చాలామందికి బొంత అంటే పాతగుడ్డలు పేర్చి కుట్టేదే కదా అని ఉంటుంది. అందులో పావు కిలోమీటరు చేతికుట్టు ఉందని ఎవరూ ఊహించరు.

నక్షత్రాల జోలికి వెళ్లకండి. అవి త్రికోణపు ముక్కలు. ఐమూలగా కోసిన అంచు కొత్త గుడ్డలోనే సాగుతుంది. ఇరవై ఏళ్లు ఉతికిన చీరలో అయితే చేతిలో పట్టుకుంటేనే వంకర పోతుంది. మొనలు కలవవు, మధ్యలో గుడ్డ ఉబ్బుతుంది. చతురస్రాలు చెప్పండి. 6 అంగుళాలవైతే 270 ముక్కలు, 9 అంగుళాలవైతే 120 చాలు. చీరలో అంచు, బుటా ఏదైనా చూపించాలన్నా పెద్ద ముక్కే బాగుంటుంది. పాలిస్టరు చీరను నూలుతో కలపవద్దు, అది జారుతుంది, ఇస్త్రీ వేడికి ముడుచుకుపోతుంది. పట్టు సంగతి నాకంటే తెలిసినవాళ్లు చెప్పాలి.


పుత్తూరు అక్క

నాకు ఒక మాట అనాలనిపించింది, తప్పుగా అనుకోకండి. పోయినవాళ్ల చీరలు పట్టుకుని వచ్చినవాళ్ల ముందు గంటలు, నిమిషాలు లెక్కపెట్టడానికి మనసెలా ఒప్పుతుంది? మా పెద్దత్త పోయినప్పుడు వాళ్ల పిల్లలు ముగ్గురికీ మూడు బొంతలు కుట్టి ఇచ్చాను. దారం డబ్బులు కూడా తీసుకోలేదు. కొన్ని పనులు అలాగే చేయాలి.


చిత్తూరు దర్జీ

అక్కా, మీరు చేసింది మంచి పని. అది మీ పెద్దత్తకు మీరు చేసిన పని. ఈ అమ్మాయి దగ్గరకు వచ్చినవాళ్లు బంధువులు కారు, పని చేయించుకోవడానికి వచ్చారు. ఆ పని చేసి ఈమె ఇల్లు గడవాలి. గౌరవం కుట్టులో చూపిస్తుంది, కూలి వదులుకుని చూపించాల్సిన పనిలేదు.


శ్రీకాళహస్తి కలం

చెల్లెమ్మా, నేను కలంకారీ పని చేస్తాను, మా అత్తగారి కాలం నుంచీ ఇంట్లో ఇదే. మీరు రంగు గురించి రాసింది చదివి ఉండబట్టలేక రాస్తున్నాను.

ముందు చీరలన్నీ కలిపి నీళ్లలో వేయడం మానండి. ఒక్కో చీర కొంగు మూల తడిపి, దాని మీద తెల్లటి పాతగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె వేడిగా అదమండి. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ చీర వదిలేదే. దాన్ని విడిగా, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకండి. అప్పటికీ వదులుతూనే ఉంటే బొంతలో పెట్టకండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ చెబుతారు, నమ్మకండి. ఉప్పు అద్దకం వేసేటప్పుడు పనికొస్తుంది. బట్టకు పట్టకుండా మిగిలిపోయిన రంగును అది ఆపలేదు. మేము ముందుగానే కరక్కాయ, పాలల్లో గుడ్డ తడిపి ఆరబెడతాం. ఆ తర్వాతే కలం పెడతాం, అందుకే గీత పక్కకు పాకదు. రంగు సంగతి మొదట్లోనే చూసుకోవాలి, తర్వాత చేసేదేమీ ఉండదు. ఈ పరీక్ష ఆవిడ ఎదురుగానే చేయండి. వీలుకాకపోతే ఫోటోలు తీసి పంపండి. ఏ చీర ఉంటుందో, ఏది ఉండదో ఆవిడే నిర్ణయించుకుంటారు, తర్వాత మీ మీద నెపం ఉండదు.

పట్టు చీర మడతల దగ్గర వేలితో మెల్లగా లాగి చూడండి. చిట్లితే అది ఉతుకులకు ఆగదు. సన్నటి మల్లు గుడ్డ వెనక వేసి ఏ దిండు గలేబుకో వాడమనండి. బొంతలో వేస్తే జరీ ఒంటికి గీసుకుంటుంది, నూలు చీరలను కూడా కోసేస్తుంది.

డబ్బు విషయంలో నేను ఒకటే పద్ధతి పాటిస్తాను. కత్తెర పెట్టేముందు సగం, పంపేముందు సగం. ఒకప్పుడు మొహమాటపడి అడ్వాన్సు లేకుండా నాలుగు గజాల పరదా మొదలుపెట్టాను. గీత అయిపోయి మొదటి రంగు వేశాక వాళ్లకు ఇల్లు మారింది, కొలత మారింది, వద్దన్నారు. వాళ్ల గోడకని వేసిన బొమ్మను ఇంకెవరు కొంటారు? రెండేళ్లు పెట్టెలోనే ఉంది. మీ పనిలో అది ఇంకా కష్టం. వాళ్లమ్మ చీరలు కోసేశాక వాళ్లు రాకపోతే మీరు వాటిని అమ్మనూలేరు, పారేయనూలేరు.

ఒక కాగితం మీద రాసి ఆవిడ చేత సంతకం పెట్టించుకోండి, లేదా ఫోటో తీసి ఫోనులో పంపి "సరే" అనిపించుకోండి. పొడవు, వెడల్పు, ముక్క కొలత, వరసకూ వరసకూ ఎడం, వెనక ఏ చీర, అంచు ఏ చీర, ఇచ్చే తేదీ, మొత్తం ధర. కోశాక మార్పులు అడిగితే ఆ పనికి వేరే డబ్బు. నా పుస్తకంలో ప్రతి పనికీ ఒక పేజీ ఉంటుంది, అందులో చిన్న గుడ్డముక్క అతికిస్తాను.

ఇంకొకటి. ఉతకడం, ఆరబెట్టడం ఇప్పుడే చేసేయండి. మన వైపు అసలు వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా పోవు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు వారం పది రోజులు మా ఇంట్లో జేబురుమాలు కూడా ఆరలేదు. సంక్రాంతి దూరంగా ఉందిలే అనుకుంటే తడి చీరలతో కూర్చుంటారు.


పలమనేరు నుంచి

నేను కుట్టేదాన్ని కాదు, కుట్టించుకున్నదాన్ని. అటువైపు నుంచి ఒక మాట చెబితే ఉపయోగపడుతుందేమోనని.

మాకు ఇక్కడ డిసెంబరు, జనవరి నెలల్లో చలి గట్టిగానే ఉంటుంది. మూడేళ్ల క్రితం మా అమ్మ చీరలు ఇచ్చి ఒకామె చేత బొంత కుట్టించుకున్నాను. ధర అడిగితే "మీకు తోచినంత ఇవ్వండమ్మా" అంది. నాకు తోచడమేమిటి? ఆ పని ఎంతో నాకేం తెలుసు? 1,500 ఇచ్చాను. ఆమె ఏమీ అనకుండా తీసుకుంది, ముఖంలో మాత్రం వెలుగు లేదు. తర్వాత నేనే ఆ బొంత మీద ఒక మూల వరసలు లెక్కపెట్టి చూశాను. సిగ్గేసింది. మళ్లీ వెళ్లి ఇద్దామంటే ఆమె ఊరు మారిపోయింది. ఇప్పటికీ చలికాలంలో అది కప్పుకున్నప్పుడల్లా ఆ ముఖమే గుర్తుకొస్తుంది. ముందే 3,000 అని ఉంటే ఇచ్చేదాన్ని, అంత లేకపోతే చిన్నది కుట్టించుకునేదాన్ని.

చెప్పండి. మీరు చెప్పకపోతే ఆ భారం మా మీద పడుతుంది.


కొర్లగుంట బొంతలు, తిరుపతి

అందరికీ చేతులెత్తి నమస్కారం. పలమనేరు వారి మాట చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. "మీకు తోచినంత" అని నేనూ ఎన్నిసార్లు అన్నానో. అది మర్యాద అనుకునేదాన్ని.

దర్జీ అన్నగారు చెప్పినట్టే నిన్న మధ్యాహ్నం కిటికీ కింద కూర్చుని, గడియారం పెట్టుకుని, కుడుతున్న బొంత మీద 108 అంగుళాల వరస ఒకటి వేశాను. మధ్యలో ఒకసారి దారం తెగింది, అదీ లెక్కలోనే ఉంచాను. 32 నిమిషాలు పట్టింది. 90 వరసలకు 48 గంటలు. ఉతుకు, ఇస్త్రీ, కోత, పొరలు జరగకుండా పొడవు కుట్లు వేయడం అన్నీ కలిపి 6 గంటలు. చుట్టూ అంచు కుట్టడానికి 4. మొత్తం 58 గంటలు.

1,800లో సామాన్లు 650 తీసేస్తే నాకు మిగిలేది 1,150. 58తో భాగించాను. గంటకు 20 రూపాయలు కూడా పడలేదు. రోజంతా ఎనిమిది గంటలు వంగి కుట్టినా 160 రాదు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. మా ఆయనకు ఆ కాగితం చూపిస్తే మాట్లాడలేదు. లోపలికి వెళ్లి నా తల మీదుగా వెలుగు పడేట్టు దీపం మార్చి బిగించారు.

ఒక్క సందేహం మిగిలింది. ఆవిడకు మరీ భారం కాకుండా వరసల ఎడం పెంచవచ్చా? అంగుళం బదులు ఒకటిన్నర అంగుళం వేస్తే 60 వరసలతో అయిపోతుంది, 32 గంటలు. మధ్యలో దూది పెట్టను, చీరల పొరలే కాబట్టి ముద్దలు కట్టే భయం లేదు. రెండంగుళాలు దాటిస్తే మాత్రం ఉతికినప్పుడు పొరలు జారడం నేను చూశాను.


శ్రీకాళహస్తి కలం

ఒకటిన్నరకు భయం లేదు. రెండు ధరలూ చెప్పండి, తేడా ఎందుకో కూడా చెప్పండి. ధర తగ్గించమంటే పని తగ్గించండి, కూలి తగ్గించకండి.


పుత్తూరు అక్క

నేను ముందు రాసింది కాస్త తొందరపడి రాశాను. ఆ 160 రూపాయల లెక్క చదివాక నా మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. మూడు బొంతలు ఊరికే కుట్టగలిగానంటే నాకు ఇంకో ఆధారం ఉంది కాబట్టే. మీరు ధర చెప్పండమ్మా.


కొర్లగుంట బొంతలు, తిరుపతి

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను, ఏమైందో చెప్పకపోతే బాగుండదు.

ఆదివారం ఆవిడ వచ్చారు. రంగు పరీక్ష ఎదురుగానే చేశాను. నూలు చీరల్లో నాలుగు నిలిచాయి, వంకాయ రంగుది వదిలింది. అది తీసి పక్కన పెట్టి "ఇది వద్దండి, మిగతావాటిని పాడుచేస్తుంది" అంటే వెంటనే సరేనన్నారు. పట్టు చీర మడత దగ్గర వేలు పెడితేనే చిట్లింది. దాన్ని రెండు దిండు గలేబులు చేయమన్నారు. పాలిస్టరు చీర తిరిగి తీసుకున్నారు. వాళ్లమ్మ ఆఖరి రోజుల్లో ఎక్కువగా కట్టుకున్నది అదేనట, ఎలాగూ కోయడం ఇష్టం లేదన్నారు. ఆ సంగతి నేను అడగకపోతే తెలిసేదే కాదు.

తర్వాత కాగితం తీశాను. గంటకు 60 రూపాయలు వేసుకున్నాను. 9 అంగుళాల ముక్కలు 120 కలపడానికి 14 గంటలు. అంగుళం ఎడమైతే మొత్తం 72 గంటలు, కూలి 4,320. ఒకటిన్నర ఎడమైతే 56 గంటలు, కూలి 3,360. దారం, అంచు గుడ్డ, సబ్బు, కరెంటు, బెంగళూరుకు ఆర్టీసీ బస్సు పార్సిలు అన్నీ కలిపి 570. కాబట్టి చిల్లర లేకుండా కాస్త పైకి సర్ది మొదటిది 4,900, రెండోది 3,950, గలేబులు విడిగా 300. చదివి వినిపిస్తుంటే గొంతు వణికింది, అయినా చివరిదాకా చదివాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనంలో "పోనీ తగ్గిస్తాను" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. శ్రీకాళహస్తి అక్క మాట గుర్తు పెట్టుకుని ఊరుకున్నాను.

ఆవిడ అడిగింది ధర గురించి కాదు. "అమ్మ కుట్టుకున్న ఆ కొంగు ముక్క ఎక్కడొస్తుంది?" అన్నారు. ముక్కల వరసలు కాగితం మీద గీసి చూపించాను. తల వైపు రెండో వరసలో, ఎడమ నుంచి మూడోది. పడుకుంటే చేతికి అందే చోటు. పిన్నీసు చిల్లులున్న మేర కోసేస్తానని, అది నిలవదని చెప్పాను.

రెండోదే ఖాయం చేసుకున్నారు, 3,950. గలేబులతో కలిపి 4,250. అడ్వాన్సు 2,125 చేతిలో పెట్టారు. కాగితం మీద సంతకం పెట్టి తన ఫోనులో ఫోటో కూడా తీసుకున్నారు. నవంబరు 30కి ఇస్తానని రాశాను. నాలుగు చీరలూ నిన్న ఉతికి మేడ మీద ఆరేశాను, ఎండ బాగానే ఉంది.

అక్కా, ఒక్కటి అడగడం మరిచిపోయాను. ఆ కొంగు ముక్క పల్చగా ఉంది, కుట్టున్నచోట ఇంకా. దాని వెనక కూడా మల్లు గుడ్డ వేయాలా? వేస్తే తొమ్మిది అంగుళాలే కోయనా, కాస్త పెద్దది కోయనా?


శ్రీకాళహస్తి కలం

వేయాలి. ముందు మల్లు గుడ్డను రెండుసార్లు ఉతికి ఆరేసి తర్వాత కోయండి, కొత్తది ముడుచుకుంటుంది. చుట్టూ అంగుళం ఎక్కువ పెట్టి కోసి, కొంగు ముక్క వెనక పరిచి, వదులు కుట్లతో రెండూ ఒకటిగా పట్టించండి. తర్వాత రెండింటినీ కలిపి కొలతకు కత్తిరించండి. ఆ తల్లి వేసిన కుట్ల మీదుగా మీ సూది పోనివ్వకండి, వరస ఆ పక్క నుంచో ఈ పక్క నుంచో వెళ్లనివ్వండి.